ఆరు పలకల గడ్డపార: కొన్నేళ్ళ వాడకం తర్వాత

గుంటూరు వైపు గునపమనీ, తెలంగాణలో ఎక్కువగా గడ్డపార అనీ, మరికొన్ని చోట్ల పలుగనీ పిలిచే ఈ పనిముట్టును నల్లగొండ జిల్లాలోని మా రాళ్ళ చెలకలో కొన్నేళ్ళుగా వాడుతున్నాను. పలుగు అనగానే పికాసు చూపించేవారూ ఉన్నారు కనుక, ఊరు మారి కొనేటప్పుడు ఒక కొస మొనదేలి, మరో కొస ఉలిలా చదునుగా ఉండే నిలువెత్తు కడ్డీ అని వివరంగా అడగడం మంచిది. హైదరాబాదులో సబ్బల్ అన్నా ఇదే.

ఇందులో నాకు అమితంగా నచ్చినది ఆరు పలకల ఆకారం. గుండ్రటి గునపాన్ని బండ సందులో దింపి పక్కకు ఒత్తేటప్పుడు చెమట పట్టిన చేతుల్లో అది గిర్రున తిరిగి, చదును కొస పట్టు వదిలేసేది. పలకలున్న కడ్డీ అలా తిరగదు. ఒత్తిన బలమంతా రాతికే చేరుతుంది. 25 మిల్లీమీటర్ల మందంలో ఒకటిన్నర మీటర్ల గుండ్రటి కడ్డీ 5.8 కిలోలు తూగితే, పలకలది దాదాపు 6.4 కిలోలు ఉంటుంది. ఆ కాస్త బరువే దెబ్బకు లోతునిస్తుంది.

మొన మొద్దుబారినప్పుడు దగ్గరలోని ఒక కొలిమిలో సాగగొట్టించాను. అక్కడ ఎర్రగా కాల్చిన మొనను నీళ్ళలో పూర్తిగా చల్లార్చి ఇచ్చేశారు. బావి గట్టు మీద రాయిని పెకలిస్తుండగా ఆ మొన అంగుళం మేర గాజులా పుటుక్కున విరిగింది. ఇనుము వంగనైనా లేదు, విరిగిన చోట బూడిదరంగు పలుకులు కనిపించాయి. తర్వాత మరో ఊరిలో ఒక పెద్దాయన మొన కొసను మాత్రమే నీటిలో ముంచి తీసి, మసిని రాతితో గీకి, వెనుక మిగిలిన వేడి ముందుకు పాకుతూ ఉంటే చూస్తూ కూర్చున్నారు. మెరుగు మీద లేత పసుపు, గోధుమ, ఊదా రంగులు వరసగా నడిచి వచ్చాయి. నీలం తొంగిచూడగానే మళ్ళీ ముంచారు. గట్టిదనం నిలుస్తూనే పెళుసుదనం తగ్గేది ఆ రెండో వేడితోనే. అలా పదును పెట్టిన మొన ఇప్పటికీ విరగలేదు. ఇంత ఓపికగా పనిచేసే కమ్మరులకు మనం ఇచ్చే కూలి చాలా తక్కువని నా గట్టి నమ్మకం.

పలకలను ఇంతగా మెచ్చుకున్నాను గానీ, రోజంతా గుంతలు తవ్వే పనిలో వాటి అంచులు అరచేతిని ఒరుసుకుంటాయి. అప్పుడు పట్టుకునే చోట గోనెగుడ్డ చుట్టక తప్పదు. రాళ్ళు పెకలించే పని ఎక్కువ కనుక నాకు ఇదే సరిపోయింది. మెత్తటి నేలలో కంచె గుంతలు తీసేవారికి గుండ్రటిదే హాయిగా ఉండవచ్చు. ఏది కొన్నా, పదును తెలిసిన కొలిమి అందుబాటులో ఉందో లేదో ముందే విచారించుకోవాలి.