అమెరికా ట్యాక్స్ చట్టం సొంతంగా వెతుక్కోవడం: ఉచిత సైట్లు చాలాకాలం వాడాక నా సమీక్ష

డాలస్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు ట్యాక్స్ రిటర్నులు చేసే, ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) లైసెన్సున్న ఎన్‌రోల్డ్ ఏజెంట్‌ని నేను. సీజన్‌లో నాకు వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఫారం నింపడం గురించి కావు. "హైదరాబాద్‌లో మ్యూచువల్ ఫండ్స్ ఉన్నాయండీ, ఇక్కడ చూపించాలా?", "మా అబ్బాయి ఎఫ్‌-1 మీద చదువుతున్నాడు, స్టాండర్డ్ డిడక్షన్ ఇస్తారా?" అని అడుగుతారు. వీటికి సాఫ్ట్‌వేర్ దగ్గర జవాబు ఉండదు. వాట్సాప్ గ్రూపులో ఉంటుంది గానీ నాలుగు రకాలుగా ఉంటుంది. అందుకే ఫెడరల్ చట్టాన్ని నేరుగా చదవడం అలవాటు చేసుకున్నాను. ఎక్కువగా ఉచిత సైట్లు, కొంతకాలం ఒక పెయిడ్ డేటాబేస్ వాడాను.

అసలు చట్టం యునైటెడ్ స్టేట్స్ కోడ్‌లో, అంటే ఫెడరల్ చట్టాలన్నీ కూర్చిన సంపుటిలో, 26వ టైటిల్ (భాగం). దాన్ని చదవడానికి నేను రెండు సైట్లు వాడతాను. కార్నెల్ యూనివర్సిటీ లా స్కూల్ వాళ్లది కంటికి హాయిగా ఉంటుంది, సెక్షన్ నంబర్ కొడితే గూగుల్‌లో ముందు వచ్చేది అదే. ప్రతినిధుల సభ వాళ్ల యూఎస్ కోడ్ సైట్ చూడ్డానికి పాతకాలం సైట్‌లా ఉంటుంది గానీ పనికి అదే మేలు. సెక్షన్ కింద ఏ సవరణ ఏ తేదీ నుంచి అమలో నోట్సులో ఉంటుంది, పాత ఏళ్ల పాఠం కూడా దొరుకుతుంది. 2017లో, మళ్లీ 2025లో పెద్ద సవరణలు వచ్చాయి కాబట్టి, రెండు మూడేళ్ల కిందటి రిటర్ను సవరించాల్సి వస్తే ఆ ఏటి చట్టమే చూడాలి. నేటి పాఠం పనికిరాదు.

ఇంతకీ కోడ్ ఒక్కటే చదివితే సరిపోదు. మ్యూచువల్ ఫండ్స్ సంగతే చూడండి. ఇండియా ఫండ్స్ ఇక్కడి చట్టం లెక్కలో మామూలుగా పీఎఫ్‌ఐసీలు, అంటే పాసివ్ ఫారిన్ ఇన్వెస్ట్‌మెంట్ కంపెనీలు. 1298(ఎఫ్) తెరిస్తే ఏటా రిపోర్టు ఇవ్వాలని ఉంటుంది, డాలర్ల పరిమితి ఏదీ కనిపించదు. కానీ ఆ వాక్యం మొదట్లోనే "సెక్రటరీ వేరేగా చెబితే తప్ప" అని ఉంది. కోడ్‌లో సెక్రటరీ (ట్రెజరీ మంత్రి) పేరు కనిపించిందంటే ట్రెజరీ రెగ్యులేషన్లకు వెళ్లాల్సిందే. అక్కడ 1.1298-1లో ఉంది అసలు మినహాయింపు: ఏడాది చివరి రోజున పీఎఫ్‌ఐసీలన్నీ కలిపి 25,000 డాలర్లు, జాయింట్ రిటర్ను అయితే 50,000 దాటకుండా, ఆ ఏడాది వాటిని లాభానికి అమ్మకుండా, ఎక్సెస్ డిస్ట్రిబ్యూషన్ (మామూలుకన్నా బాగా ఎక్కువ పంపిణీ) లేకుండా ఉంటే చాలామందికి ఆ రిపోర్టు, అంటే 8621 ఫారం పార్ట్-1 బాధ తప్పుతుంది. రెగ్యులేషన్ నంబర్లు భయపెడతాయి గానీ లెక్క తేలిక. చుక్కకు ముందున్న 1 అంటే ఇన్‌కమ్ ట్యాక్స్, 20 అయితే ఎస్టేట్, 25 గిఫ్ట్, 301 ప్రొసీజర్. చుక్క తర్వాతది కోడ్ సెక్షన్. ఇది పట్టుబడితే ఫెడరల్ రెగ్యులేషన్లన్నీ ఉండే ఈసీఎఫ్‌ఆర్ సైట్‌లో కావాల్సింది నిమిషంలో తీయొచ్చు. తేదీ వెనక్కి జరిపి పాత పాఠం చూసే వీలు కూడా ఉంది. ఉచిత సైట్లలో నాకు బాగా నచ్చింది ఇదే.

ఎఫ్‌-1 కుర్రాడి ప్రశ్నకు ఇవి రెండూ చాలవు. నాన్‌రెసిడెంట్‌కు (పన్ను లెక్కలో ఇక్కడి నివాసి కానివాళ్లకు; ఎఫ్‌-1 విద్యార్థులు మొదట్లో మామూలుగా వీళ్లే) స్టాండర్డ్ డిడక్షన్ సున్నా అని 63(సి)(6) చెబుతుంది. అక్కడ ఆగిపోతే జవాబు తప్పే. 1989లో కుదిరిన ఇండియా-అమెరికా పన్ను ఒప్పందంలో 21(2) ప్రకారం మన విద్యార్థులకు ఇక్కడి రెసిడెంట్లకున్న మినహాయింపులు, స్టాండర్డ్ డిడక్షన్‌తో సహా, దక్కుతాయి. ఐఆర్‌ఎస్ సైట్‌లో ఒప్పందమూ ఉంది, దాని టెక్నికల్ ఎక్స్‌ప్లనేషన్ కూడా ఉంది. ఎక్స్‌ప్లనేషన్ వదలకుండా చదవండి, ఒప్పందం భాష కన్నా అదే తేలిగ్గా ఎక్కుతుంది.

ఐఆర్‌ఎస్ పబ్లికేషన్లలో (మామూలు భాషలో రాసిన గైడ్లలో) విదేశీయుల పన్నుల మీదున్న 519 లాంటివి మొదలుపెట్టడానికి చాలా బాగుంటాయి. ఈ ఇండియా విద్యార్థుల సంగతి కూడా అందులో ఉంది. అయితే పెనాల్టీ కేసుల్లో ఏయే పత్రాలను ఆధారంగా చూస్తారో 1.6662-4లో జాబితా ఉంది, అందులో పబ్లికేషన్లు లేవు. రెవెన్యూ రూలింగులు (ఐఆర్‌ఎస్ అధికారిక నిర్ణయాలు), కోర్టు తీర్పులు, ఒప్పందాలు ఉన్నాయి. నా దగ్గర పని నేర్చుకునేవాళ్లకు మొదటి రోజే చెబుతాను: పబ్లికేషన్ చదివి సెక్షన్ నంబర్ పట్టుకోండి, ఫైల్‌లో మాత్రం సెక్షన్‌నే రాయండి.

ఎఫ్‌బార్ (విదేశీ బ్యాంకు ఖాతాల రిపోర్టు) కోసం 26వ టైటిలంతా గాలించినా ప్రయోజనం లేదు. అది 31వ టైటిల్‌లో, బ్యాంక్ సీక్రసీ చట్టం కింద ఉంది. 2023లో సుప్రీంకోర్టు బిట్నర్ కేసులో, కావాలని చేయని తప్పుకు 10,000 డాలర్ల పెనాల్టీ ఖాతాకు ఒకటి కాదు, రిపోర్టుకు ఒకటి అని తేల్చింది. 272 ఖాతాలకు ప్రభుత్వం అడిగిన 27.2 లక్షల డాలర్లు 50,000కు దిగింది. ఎన్నారై ఖాతాలు నాలుగైదు ఉన్నవాళ్లు ఈ తీర్పు ఒకసారి చదవాలి.

ఉచిత దారి నిజంగా ఇబ్బంది పెట్టేది కోర్టు తీర్పుల దగ్గర. ట్యాక్స్ కోర్టు వాళ్ల డాసన్ సిస్టమ్‌లో తీర్పులు ఉచితం, వెతకడమూ పర్వాలేదు. కానీ ఆ తీర్పు తర్వాత ఏమైందో అది చెప్పదు. హైదరాబాద్‌లో సొంత ప్రైవేట్ లిమిటెడ్ ఉండి, విదేశీ కంపెనీల వివరాలిచ్చే 5471 ఫారం వేయనివాళ్లకు పడే 10,000 డాలర్ల పెనాల్టీనే తీసుకోండి. దాన్ని తనంతట తాను అసెస్ చేసే (లెక్కగట్టి విధించే) అధికారం ఐఆర్‌ఎస్‌కు లేదని 2023లో ఫర్హీ కేసులో ట్యాక్స్ కోర్టు చెప్పింది. అందరూ పండగ చేసుకున్నారు. 2024 మేలో డీసీ సర్క్యూట్ అప్పీల్స్ కోర్టు దాన్ని తిప్పికొట్టింది. అదే ఏడాది నవంబరులో ముఖీ కేసులో ట్యాక్స్ కోర్టు, ఆ అప్పీలు వేరే సర్క్యూట్‌కు (ప్రాంతాన్ని బట్టి ఉండే అప్పీల్స్ కోర్టుకు) వెళ్తుంది కాబట్టి తన పాత మాట మీదే నిలబడింది. అంటే జవాబు మీరు ఏ రాష్ట్రంలో ఉన్నారన్న దాన్ని బట్టి కూడా మారుతుంది; మా టెక్సాస్ వాళ్ల అప్పీళ్లు ఐదో సర్క్యూట్‌కు పోతాయి. 2023 తీర్పు ఒక్కటే చదివి క్లయింటుకు మాటిచ్చేస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

దీన్ని పట్టించేది సైటేటర్, అంటే ఒక తీర్పును తర్వాతి కోర్టులు ఏం చేశాయో చూపే సాధనం. పెయిడ్ డేటాబేసుకు డబ్బు కట్టడానికి నాకు కనిపించిన గట్టి కారణం అదొక్కటే. నేను తీసుకున్న దాంట్లో సైటేటర్ బాగుంది, వివరణ వ్యాసాలూ బాగున్నాయి. రెన్యూవల్‌కు మాత్రం ధర చెప్పకుండా సేల్స్ వాళ్లు చుట్టూ తిప్పారు, చిన్న ఆఫీసుకు వాళ్ల కాంట్రాక్టు మోయలేని బరువు. మానేశాను. ఇప్పుడు అవసరమైనప్పుడు లా లైబ్రరీకి వెళ్తాను. చాలా కౌంటీ లా లైబ్రరీల్లో అక్కడి కంప్యూటర్ల మీద ఇవి ఉచితంగా వాడుకోనిస్తారు.

ఏఐ సంగతీ అడుగుతారు కాబట్టి ఒక మాట. ఏ సెక్షన్లు చూడాలో తట్టనప్పుడు అడుగుతాను, అంతవరకే. అది చెప్పిన కేసు తెరిచి చదవందే వాడను. ఏఐ కల్పించిన లేని కేసులు కోర్టుకు చూపించినందుకు 2023లో న్యూయార్క్ లాయర్లకు 5,000 డాలర్ల జరిమానా పడింది.

2025 వేసవిలో రెమిటెన్స్ ట్యాక్స్ టెన్షన్ గుర్తుండే ఉంటుంది. బిల్లులో మొదట 5 శాతం, ప్రతినిధుల సభ దాటేసరికి 3.5 శాతం. ఇండియాకు డబ్బు ముందే పంపేయమంటూ ఫార్వర్డులే ఫార్వర్డులు. జులై 4న సంతకమైన చట్టంలో, ఇప్పుడు 4475గా ఉన్న సెక్షన్‌లో, అది 1 శాతం. 2026 జనవరి నుంచి, అదీ క్యాష్, మనీ ఆర్డర్, క్యాషియర్స్ చెక్ లాంటివి ఇచ్చి పంపితేనే. ఇక్కడి బ్యాంకు ఖాతా నుంచి పంపితే పడదు. ఆ సెక్షన్ చదవడానికి పది నిమిషాలు కూడా పట్టదు.

డబ్ల్యూ-2 (జీతం పత్రం) ఒకటి, బ్యాంకు వడ్డీ కాస్త ఉన్నవాళ్లకు ఇదంతా అక్కర్లేదు, పబ్లికేషన్లు చాలు. ఇండియాలో ఫండ్స్, కంపెనీ వాటా, ఇల్లు ఉన్నవాళ్లు మాత్రం సీపీఏ (అకౌంటెంట్) దగ్గరికి వెళ్లేముందు సంబంధిత సెక్షన్ ఒకసారి చదువుకుని వెళ్లండి. "ఏ సెక్షన్ ప్రకారం చెబుతున్నారండీ?" అని అడిగి, వాళ్లిచ్చిన నంబరు రాసుకోండి.