సర్వీసు కంపెనీ నడిపేవాళ్ళకి: "ట్యాలీతో కలుస్తుంది" అన్న మాట నమ్మి ఏడాది డబ్బు ముందే కట్టకండి

బెంగళూరులో ఏసీ సర్వీసు, ప్లంబింగ్, కరెంటు పని, వాటర్‌ప్రూఫింగ్ చేసే మనవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఇది రాస్తున్నా. కొంచెం పెద్దదే, అయినా పనులు పంచి, బిల్లులు వేసి, వాటిని ట్యాలీకి (మన లెక్కలు రాసే అకౌంటింగ్ ప్రోగ్రాంకి) పంపే సాఫ్ట్‌వేర్ కొనే ఆలోచనలో ఉన్నవాళ్ళు చివరిదాకా చదవండి. మాకు జీఎస్టీతో కలిపి 2,63,848 రూపాయలు పోయాయి. అంతకంటే పెద్ద నష్టం, మార్చి నుంచి మే దాకా ఉండే ఏసీ సీజన్ మొత్తం పాడైంది. కంపెనీ పేరు ఇక్కడ రాయను. పేరు మారినా ఇదే కథ జరగొచ్చు, అందుకే ఏం జరిగిందో వివరంగా చెప్తా.

మాది కుందలహళ్ళి దగ్గర ఆఫీసు. నేనూ మా బావమరిదీ పార్ట్‌నర్లం, 14 మంది టెక్నీషియన్లు, ఆఫీసులో ముగ్గురు. మొన్నటిదాకా పని అంతా ఒక వాట్సాప్ నంబరు, ఒక ఎక్సెల్ షీటు, రెండు లావుపాటి నోటుపుస్తకాల మీద నడిచింది. ఏఎంసీలు (ఏడాది సర్వీసు కాంట్రాక్టులు) 300 దాటేసరికి ఎవరికి ఏ నెలలో సర్వీసు చేయాలో గుర్తుండటం మానేసింది. ఒకే ఇంటికి ఇద్దరు వెళ్ళడం, ఇంకో ఇంటికి ఎవరూ వెళ్ళకపోవడం రోజూ జరిగేది. కాబట్టి సాఫ్ట్‌వేర్ అవసరమే, అది ఇప్పటికీ నా అభిప్రాయం. తప్పు కొన్న పద్ధతిలో ఉంది.

డెమోకి వచ్చిన అబ్బాయి చాలా బాగా చూపించాడు. మ్యాపులో మనుషులు కదులుతున్నారు, పని అయిపోగానే బిల్లు తయారవుతోంది, కస్టమర్‌కి మెసేజ్ వెళ్తోంది. "ట్యాలీతో కలుస్తుందా?" అని అడిగా. "కలుస్తుంది సార్, 15 రోజుల్లో చేసిచ్చేస్తాం" అన్నాడు. ఆ ఒక్క జవాబు మీద 17 లాగిన్లకి, ఒక్కోదానికి నెలకు 900 చొప్పున, ఏడాది డబ్బు ముందే కట్టాను. పైన ఇన్‌స్టలేషన్‌కని 40,000. నేను అక్కడ అడగాల్సిన రెండో ప్రశ్న అడగలేదు: కలవడం అంటే ఏంటి?

వాళ్ళ లెక్కలో కలవడం అంటే నెలాఖరున ఒక ఎక్సెల్ ఫైలు దించుకుని మనమే ట్యాలీలోకి ఎక్కించుకోవడం. గట్టిగా అడిగితే ఇంకో చిన్న ప్రోగ్రాం ఇచ్చారు, కానీ అది ట్యాలీ ఉన్న కంప్యూటర్ ఆన్‌లో ఉండి, అందులో మన కంపెనీ తెరిచి ఉంటేనే పని చేస్తుంది. మా ట్యాలీ మా అకౌంటెంట్ గారి దగ్గర, కె.ఆర్.పురంలో ఉంటుంది, ఆయన మా పుస్తకాలు వారానికి రెండు రోజులే తెరుస్తారు. ఈ సంగతి కొనేముందు వాళ్ళు అడగలేదు, నేనూ చెప్పలేదు. సరే, దాన్ని సర్దుకున్నాం అనుకుంటే లెడ్జర్ల (ఒక్కో పార్టీకి విడిగా ఉండే ఖాతాల) గొడవ మొదలైంది. పేరు ఒక్క అక్షరం తేడాగా ఉన్నా ట్యాలీ దాన్ని వేరే పార్టీ కిందే లెక్క వేస్తుంది. మా టెక్నీషియన్లు ఫోన్‌లో తలో రకంగా టైప్ చేసేసరికి వైట్‌ఫీల్డ్‌లోని ఒకే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మూడు లెడ్జర్లుగా పడింది, ఒకదాంట్లో బాకీ, ఒకదాంట్లో అడ్వాన్సు, మూడోదాంట్లో ఏమీ లేదు. దీనికితోడు సాఫ్ట్‌వేర్‌లో రౌండాఫ్‌కి (పైసలు సరిచేసి పూర్తి రూపాయి చేయడానికి) ఖాతానే పెట్టలేదు, 40 పైసల తేడాకి బిల్లులు ట్యాలీలోకి ఎక్కకుండా వరసగా తిరిగొచ్చేశాయి.

అన్నిటికంటే టెన్షన్ పెట్టింది బిల్లు నంబరు. ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి. జీఎస్టీ నిబంధనల ప్రకారం ఇన్‌వాయిస్ నంబరు 16 అక్షరాలు దాటకూడదు, గీతలు, అంకెలు అన్నీ కలిపి. వీళ్ళ సాఫ్ట్‌వేర్ ఊరు కోడు, సర్వీసు కోడు, సంవత్సరం, వరస నంబరు అన్నీ గుచ్చి 21 అక్షరాలు చేసింది. కాగితం మీద చూడ్డానికి చక్కగా ఉంది కాబట్టి మాకు అనుమానం రాలేదు. 9వ తేదీ రాత్రి అకౌంటెంట్ గారు ఫోన్ చేసి "ఏమండీ, మీ బిల్లులు ఒక్కటీ పోర్టల్ తీసుకోవడం లేదు" అన్నారు. జీఎస్టీఆర్-1కి (మనం ఇచ్చిన బిల్లుల వివరాలతో వేసే జీఎస్టీ రిటర్నుకి) గడువు 11. జీఎస్టీ నంబరు ఉన్న పార్టీలకి ఇచ్చిన బిల్లులు అప్పటికే 86. రెండు రోజులు మా ఆఫీసు అమ్మాయి, మా బావమరిది, నేను ముగ్గురం కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, పాత బిల్లు ఎందుకు చెల్లదో చెప్పి, కొత్త నంబరుతో మళ్ళీ పంపాం. సాఫ్ట్‌వేర్ వాళ్ళ సపోర్టుకి రాస్తే "నంబరు పద్ధతి మార్చాలంటే డెవలప్‌మెంట్ టీమ్‌కి పంపాలి" అని మూడు రోజుల తర్వాత జవాబు.

హోసూరు సంగతి కూడా చెప్పాలి. ఇక్కడి నుంచి మనం చాలామందిమి అక్కడికి వెళ్ళి పని చేస్తాం, కానీ అది తమిళనాడు. వాటర్‌ప్రూఫింగ్ లాంటి ఇంటి కట్టడం పనికి ఇల్లు ఎక్కడుంటే పన్ను అక్కడి లెక్క, కాబట్టి కర్ణాటక రిజిస్ట్రేషన్‌తో చేస్తే ఐజీఎస్టీ (వేరే రాష్ట్రం బిల్లుకి వేసే జీఎస్టీ) 18 శాతం వేయాలి. ఈ సాఫ్ట్‌వేర్ మాత్రం అన్నిటికీ కర్ణాటక లోపలి బిల్లులాగే కేంద్రానికి 9, రాష్ట్రానికి 9 అని రెండు ముక్కలు చేసేసింది.

టీడీఎస్ (మనకి డబ్బు ఇచ్చేవాళ్ళే ముందుగా కోసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) వల్ల పరువు పోయింది. ఒక అసోసియేషన్‌కి 60,000 ఏఎంసీ బిల్లు, జీఎస్టీతో 70,800. వాళ్ళు పద్ధతి ప్రకారం 60,000 మీద 2 శాతం టీడీఎస్ కోసి 69,600 వేశారు. సాఫ్ట్‌వేర్‌లో టీడీఎస్ రాసుకునే చోటు లేదు, అందుకని ఆ 1,200 బాకీ అని చూపించి మూడు రోజులకోసారి దానంతట అదే రిమైండర్ పంపింది, చివరిది ఎర్ర అక్షరాలతో. అక్కడి ట్రెజరర్ రిటైరైన పెద్దాయన, నెల్లూరు ఆయన. ఫోన్ చేసి "ఏమయ్యా, ఇన్నేళ్ళుగా ఒక్కరోజు కూడా మీ డబ్బు ఆపలేదే, మమ్మల్ని ఎగ్గొట్టేవాళ్ళ కింద జమ కట్టారా?" అన్నారు. ఆదివారం ఇంటికెళ్ళి క్షమాపణ అడిగి వచ్చాం.

ఇక వాట్సాప్. మా నంబరు ఎనిమిదేళ్ళది. బైకుల మీద, చొక్కాల మీద, కస్టమర్ల ఇళ్ళలో ఏసీ పక్కన అంటించిన స్టిక్కర్ల మీద అదే ఉంది. సాఫ్ట్‌వేర్ నుంచి మెసేజ్‌లు వెళ్ళాలంటే ఆ నంబరు వాట్సాప్ ఏపీఐకి (నంబరుని ఫోన్‌కి బదులు సాఫ్ట్‌వేర్‌కి కలిపే పద్ధతికి) మార్చాలన్నారు, మార్చేముందు ఫోన్‌లో ఉన్న ఖాతా తీసేయించారు. పాత చాట్లు, గ్రూపులు, కస్టమర్లు పంపిన ఫొటోలు అన్నీ పోయాయి. ఆ తర్వాత వచ్చే మెసేజ్‌లు సాఫ్ట్‌వేర్ ఇన్‌బాక్స్‌లోనే పడతాయి. కసవనహళ్ళిలో ఒక పెద్దావిడ, మాకు మొదటి నుంచి కస్టమర్, టైప్ చేయడం రాదు, ఎప్పుడూ తెలుగులో వాయిస్ మెసేజ్ పెడతారు. పైపోర్షన్ బాత్‌రూం నుంచి నీళ్ళు కారుతున్నాయని పొద్దున్నుంచి మూడు వాయిస్‌లు పెట్టారు. మా స్క్రీన్ మీద అవి తెరుచుకోని ఫైళ్ళుగా కనపడ్డాయి, మా అమ్మాయి ఏదో ఫార్వర్డ్ అనుకుని వదిలేసింది. సాయంత్రం నేను వెళ్ళేసరికి పూజగది గోడంతా ఉబ్బిపోయి ఉంది, ఆవిడ దేవుడి పటాలన్నీ తీసి సోఫా మీద వరసగా పెట్టి, తడిసిన పటాన్ని చీరకొంగుతో తుడుస్తున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. "మీరు వినలేదేమో అనుకున్నా నాయనా" అన్నారు అంతే. ఆ గోడకి మా ఖర్చుతోనే పని చేసిచ్చాం, అయినా ఆ మాట నా మనసులోంచి పోవడం లేదు.

టెక్నీషియన్ల యాప్ గురించి ఒక్క ముక్కే. బేస్‌మెంట్‌లో పంపు గదులకి సిగ్నల్ ఉండదు, సిగ్నల్ లేకపోతే ఈ యాప్ ముందుకి కదలదు. ఫొటో తీసి, ర్యాంప్ ఎక్కి పైకి వస్తే ఫొటో మాయం. "అన్నా, పని అరగంట, యాప్ ముప్పావుగంట" అని మా సీనియర్ కుర్రాడు నోటుపుస్తకానికే తిరిగి వెళ్ళిపోయాడు.

మే నెలాఖరున ఆపేద్దాం అనుకుంటే అసలు ఇరకాటం అక్కడ బయటపడింది. మా డేటా మాకివ్వమంటే కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం ఎక్సెల్‌లో ఇచ్చారు. ఏ ఇంట్లో ఏ ఏసీ, గ్యాస్ ఎప్పుడు నింపాం, ఏఎంసీలో ఎన్ని విజిట్లు అయ్యాయి, ఇవి పీడీఎఫ్‌లుగానే వస్తాయట, ఎక్సెల్ కావాలంటే 35,000 అదనం. మిగిలిన నెలల డబ్బు వెనక్కి రాదు. 60 రోజుల ముందు రాసివ్వకపోతే ఇంకో ఏడాదికి కూడా బిల్లు పడుతుందని అగ్రిమెంటు ఆఖరి పేజీలో ఉంది, అది మాత్రం టైముకి చూసి ఈమెయిల్ పెట్టేశాం. పెద్ద కంపెనీదైతే ఈ బాధ ఉండదని కూడా అనుకోకండి, క్విక్‌బుక్స్ లాంటి పేరున్న అకౌంటింగ్ సాఫ్ట్‌వేరే 2023లో మన దేశంలో సేవలు ఆపేసింది. డేటా మన చేతికి ఏ రూపంలో వస్తుందో చేరే రోజే రాయించుకోవాలి.

మళ్ళీ కొంటే నేను చేసేది ఇది. వాళ్ళ డెమో డేటా చూడను. మా పాత బిల్లుల్లోంచి పది తీసి ఇస్తా: టీడీఎస్ కోసింది ఒకటి, సగం అడ్వాన్సు తీసుకున్నది, హోసూరుది, రద్దయింది, పైసలు రౌండ్ చేసింది. అవి మా అకౌంటెంట్ గారి కంప్యూటర్‌లో, ఆయన కళ్ళ ముందే ట్యాలీలోకి వెళ్ళాలి. ట్యాలీలో బిల్లు దిద్దితే ఇటు మారుతుందా లేదా అన్నది కూడా అప్పుడే చూడాలి. డబ్బు నెలనెలా కడతా, ఎక్కువైనా సరే, ఇన్‌స్టలేషన్ డబ్బులో సగం మొదటి జీఎస్టీఆర్-1 ఫైల్ అయ్యాకే ఇస్తా. వాట్సాప్‌కి కొత్త సిమ్ తీసుకుంటా, పాత నంబరు జోలికి ఎవర్నీ రానివ్వను. సీజన్ ముందు కాకుండా వానాకాలంలో మొదలుపెడతా, అది కూడా ముందు ఇద్దరు టెక్నీషియన్లతో.

ఇప్పటికే ఎక్కడైనా సంతకం పెట్టేసి వాడుతున్నవాళ్ళు ఉంటే, మీ బిల్లు ఒకటి తీసి నంబరులో ఎన్ని అక్షరాలున్నాయో ఇప్పుడే లెక్కపెట్టండి. 16 దాటితే 10వ తేదీ దాకా ఆగకండి, ఇవాళే మీ అకౌంటెంట్‌కి ఫోన్ చేయండి.