ఏరేషన్, ఓవర్‌సీడింగ్ ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు గింజల సంచి ట్యాగ్ అడగండి

న్యూజెర్సీ, మేరీలాండ్, వర్జీనియాల్లో ఇళ్లున్న మనవాళ్లకు ఆగస్టు చివర్లో తలుపులకు కాగితాలు వేలాడటం మొదలవుతుంది: ఏరేషన్ (నేలకు రంధ్రాలు చేయడం), ఓవర్‌సీడింగ్ (ఉన్న లాన్ మీదే గడ్డి గింజలు చల్లడం) కలిపి ఒకే ధర. పని మంచిదే, అక్కడి ఫెస్క్యూ గడ్డికి అదనూ అదే. కానీ ఏ గింజ వేస్తారో, ఎన్ని పౌండ్లు వేస్తారో ఆ కాగితంలో ఉండదు. డబ్బు పోయేది అక్కడే.

రసీదు మీద "ప్రీమియం మిక్స్" అని రాస్తే దానికి అర్థం లేదండీ. అమ్మే గడ్డి గింజల సంచికి చట్టప్రకారం ట్యాగ్ ఉండాలి. గడ్డి రకాలు, వాటి శాతాలు, మొలక శాతం, కలుపు గింజల శాతం, పరీక్ష చేసిన తేదీ అన్నీ అందులో ఉంటాయి. యాన్యువల్ రైగ్రాస్ ఎక్కువగా కనిపిస్తే వద్దనండి. అది వారంలోనే పచ్చగా లేచి, బిల్లు కట్టేదాకా కళకళలాడి, వచ్చే వేసవికి మాడిపోతుంది. టాల్ ఫెస్క్యూ మొలవడానికి 7 నుంచి 14 రోజులు, కెంటకీ బ్లూగ్రాస్‌కు 14 నుంచి 28 రోజులు పడుతుంది. పెరెన్నియల్ రైగ్రాస్ కూడా త్వరగానే మొలుస్తుంది, అది వేరే గడ్డి. "రెండూ రైయే కదా" అని సర్దిచెప్పేవాళ్లున్నారు, రై ముందున్న మాట చదవండి.

తూకంలో ఇంకో కిటుకు ఉంది. పూత పూసిన గింజల సంచిలో బరువులో సగం దాకా పూతే కావచ్చు, ట్యాగ్ మీద అది ఇనర్ట్ మ్యాటర్ (గింజ కాని పదార్థం) కింద కనిపిస్తుంది. ఉన్న లాన్ మీద టాల్ ఫెస్క్యూ అయితే 1,000 చదరపు అడుగులకు 3 నుంచి 5 పౌండ్లు కావాలి. అంటే 6,000 అడుగుల లాన్‌కు కనీసం 18 పౌండ్ల అసలు గింజ. 10 పౌండ్ల పూత సంచి ఒక్కటి చల్లి వెళ్తే అక్కడ పడింది 5 పౌండ్లే కావచ్చు!

రంధ్రాల సంగతి. మేకుల్లాంటి వాటితో పొడిస్తే చుట్టూ మట్టి ఇంకా బిగుస్తుంది. బోలు గొట్టాల మెషీన్ మట్టి ముక్కను బయటికి లాగాలి. ముక్క పొడవు 2 నుంచి 3 అంగుళాలు, చదరపు అడుగుకు 20 రంధ్రాలైనా ఉండాలి. ఒక్కసారి తోలితే అన్ని రావు, అడ్డంగా రెండోసారి తోలాలి. ఎండిన నేలలో గొట్టం అంగుళం కూడా దిగదు కాబట్టి ముందురోజు బాగా తడపండి, స్ప్రింక్లర్ తలల దగ్గర జెండాలు పాతండి. పైన పడ్డ ముక్కలను ఊడ్చక్కర్లేదు, వాటంతట అవే కరిగిపోతాయి.

వసంతంలో ఇదే ప్యాకేజీతో పాటు క్రాబ్‌గ్రాస్ అనే కలుపు గడ్డికి మందు కూడా అంటగడతారు. ప్రోడయమిన్, డైథయోపిర్ లాంటివి కలుపు గింజనీ మీ గింజనీ ఒకే తీరుగా ఆపేస్తాయి, ఆ ప్రభావం నెలల తరబడి ఉంటుంది. టాల్ ఫెస్క్యూ చల్లే రోజున వాడదగినది మెసోట్రయోన్. కొట్టేది ఏ మందో పేరు రాయించుకోండి.

డాలస్, హ్యూస్టన్ వాళ్లకు ఈ కాగితం అసలు పనికిరాదు. అక్కడున్నది బెర్ముడా, సెయింట్ అగస్టీన్ అనే గడ్డి రకాలు. వాటికి ఏరేషన్ వసంతం చివర్లో, గడ్డి బాగా పెరుగుతున్నప్పుడు చేయించాలి. సెయింట్ అగస్టీన్ ఖాళీలను ప్లగ్‌లతోనో (వేళ్లతో ఉన్న చిన్న గడ్డి ముక్కలు) సాడ్‌తోనో (పరిచే గడ్డి చాప) పూడ్చాలి.

"మొలవకపోతే మళ్లీ చల్లుతాం" అనే హామీలో నీళ్ల షరతు ఉంటుంది. మొదటి రెండు వారాలు రోజుకు రెండు మూడుసార్లు, పై అర అంగుళం మట్టి తడిగా ఉండేంత చాలు. మొలకెత్తాక ఒక్కరోజు ఎండినా మొక్క పోతుంది, తప్పు మీ మీదికి వస్తుంది. సంచి విప్పకముందే ట్యాగ్‌నీ, పని అయిన రోజే ఒక మట్టి ముక్క పక్కన స్కేలు పెట్టీ ఫొటోలు తీసుకోండి. వానొస్తే ఆ ముక్కలు మిగలవు.