రెండోసారి మూకుట్లో పడ్డాకే కట్ మిర్చి

విజయనగరంలో గంటస్తంభం నుంచి మూడులాంతర్ల వైపు నడిస్తే సాయంత్రం అయిదున్నరకల్లా దీపాలు పెట్టే బండ్లలో ఈ కట్ మిర్చి బండి ఒకటి. బోర్డు లేదు. పక్కపక్కనే రెండు మూకుళ్ళు మరుగుతుంటే అదే అనుకోండి.

నూనె లేని తిండి కావాలంటే ఇటు రానక్కర్లేదు, జిడ్డు కోసమే రావాలి. కాకపోతే జిడ్డులోనూ తేడా ఉంది. వేడి మీద కరకరలాడుతూ వేళ్ళకు మెరుపంటించేది ఒకటి. పిండిలోకి ఇంకిపోయి తెల్లారేదాకా గుండెల మీద కూర్చునేది ఇంకొకటి. తీరిగ్గా ఉన్నప్పుడు ఈ బండివాళ్ళు మొదటిది పెడతారు, జనం మీద పడితే రెండోది.

తినాల్సింది కట్ మిర్చి. బజ్జీ మిరపకాయకు నిలువుగా గాటు పెట్టి, గింజలు తీసి, వాము, ఉప్పు, చింతపండు గుజ్జు నూరిన ముద్ద లోపల పూస్తారు. గాటు పడని కాయ నూనెలో పేలుతుంది. తడి ఆరని కాయకు పిండి పట్టక, జారి, మూకుడంతా పలుకులు తేలతాయి. కిలో శనగపిండికి 100 నుంచి 150 గ్రాముల బియ్యప్పిండి పడితేనే పై పెంకు గట్టిగా వస్తుంది. కలిపిన పిండిలో వేలు ముంచి తీస్తే చర్మం కనపడకూడదు. సోడా చిన్న చెంచాకు మించితే బజ్జీ బాగా పొంగి చూడ్డానికి ఘనంగానే ఉంటుంది గానీ, నూనె తాగేస్తుంది, సబ్బు రుచి తగులుతుంది. ఇక్కడి బజ్జీ సన్నం. కొందరు అదేదో పిసినారితనం అనుకుంటారు, నాకైతే అదే నచ్చింది.

మొదటి మూకుడు కింద మంట మధ్యస్తం. బజ్జీ లేత పసుపులో ఉండగానే తీసి పళ్ళెంలో వదిలేస్తారు. అయిదు నిమిషాల్లో కాయలోని చెమ్మ పైకొచ్చి పిండి మెత్తబడుతుంది. తొందరపడి అప్పుడే తింటే ఉడికిన శనగపిండి తిన్నట్టే. చల్లారాక అంగుళం ముక్కలు కోసి, రెండో మూకుట్లో 190 డిగ్రీలకు దగ్గరున్న నూనెలో నిమిషమో, నిమిషంన్నరో వేపుతారు. కోసిన అంచుల నుంచి బుడగలు ఒక్కసారిగా ఎగసి, నెమ్మదించి, చప్పుడు సన్నబడగానే తీసేయాలి. ఆ బుడగలన్నీ ఆవిరే. అవి తగ్గాయంటే చెమ్మ పోయిందన్నమాట.

తీశాక జల్లిగరిటెను మూకుడు అంచుకు టకటకా నాలుగు దెబ్బలు కొడతారు చూడండి, అసలు పనితనం అక్కడుంది. వేపిన వస్తువు నూనె ఎక్కువగా పీల్చుకునేది బయటికొచ్చి చల్లారేటప్పుడే. లోపలి ఆవిరి నీరవుతుంటే పైన అంటుకున్న నూనెను బజ్జీ లోపలికి లాగేసుకుంటుంది. ఆ దెబ్బలు తప్పితే ఆ నూనంతా మన దొన్నెలోకే.

పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలు, వేపిన పల్లీలు, ఉప్పూకారం వేస్తారు. నిమ్మరసం వాళ్ళని పిండనివ్వకండి, బద్ద విడిగా అడిగి తినేముందు పిండుకోండి. ముందే తడిస్తే పెంకు మెత్తబడిపోతుంది.

చికెన్ పకోడీ మాత్రం రోజుకో రకం. మసాలా, ఉప్పు బాగానే పడతాయి, వేపిన కరివేపాకు ధారాళంగా చల్లుతారు. ముక్కల సైజులోనే లోపం. చిన్నవి మాడేసరికి పెద్దవి లోపల ఉడకవు. విరిచి చూసి మాంసం గులాబిరంగులో జారుడుగా ఉంటే "గట్టిగా వేపేయండి బాబూ" అని తిరిగి ఇచ్చేయండి, విసుక్కోరు. రంగు మాత్రం ముందే కలిపేస్తారు, వద్దన్నా లాభం లేదు. బఠాణీ మసాలా ఫరవాలేదు. నూడుల్స్ ఊసు అనవసరం.

నూనె పామోలిన్. వేడిగా ఉన్నంతసేపు తెలియదు, చల్లారితే అంగిలికి మైనంలా పట్టుకుంటుంది. ఏడింటిలోపు వెళ్తే మూకుట్లో అడుగు కనపడుతుంది. తొమ్మిది దాటాక చికెన్ వేపే మూకుట్లో నూనె డికాషన్ రంగుకొచ్చి, ముక్కలు తీసినా నురగ చావదు. వాడిన నూనెలో పోలార్ సమ్మేళనాలు, అంటే నూనె పదేపదే కాగి చెడితే పుట్టే పదార్థాలు, 25 శాతం దాటకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన. కొలిచే మీటరు బండి దగ్గర ఉండదు కాబట్టి మనం నురగను చూసుకోవాలి. ఆ వేళకి పకోడీ జోలికి పోవద్దు.

దొన్నెలు అడ్డాకువి, వేడి తగిలితే మంచి వాసన. అవి అయిపోతే న్యూస్‌పేపర్ ముక్కలు తీస్తారు. సిరా నూనెలో కరిగి తిండికి అంటుతుంది, వద్దని స్టీలు పళ్ళెం అడగండి. ఊళ్ళో పైడితల్లమ్మ జాతర, సిరిమానోత్సవం రోజుల్లో అసలు వెళ్ళకండి. మూకుడు పట్టనంత పిండి వేసేస్తారు, నూనె వేడి దిగిపోతుంది, రెండో వాయికి తీరికే ఉండదు.

పార్సిల్ కట్టించుకుంటే దారిలోనే ఆవిరికి నానిపోతుంది. తప్పదనుకుంటే మొదటి వాయి బజ్జీలను కోయకుండా, మూత పెట్టకుండా తీసుకెళ్ళి, ఇంట్లో ముక్కలు చేసి రెండోసారి వేపుకోండి. ఉల్లిపాయలు వేరే కవర్లో.