కెరోటిడ్ డాప్లర్ స్కాన్: పరీక్ష బాగుంది, రిపోర్టు చాలదు

మెదడుకు రక్తం అందించే మెడలోని కెరోటిడ్ ధమనులలో రక్తం ఎలా పారుతున్నదో అల్ట్రాసౌండ్‌తో చూపే డాప్లర్ స్కాన్‌ను డాక్టరు సలహాపై ఇటీవల చేయించుకున్నాను. సూది గుచ్చరు, రేడియేషన్ ఉండదు. మెడకు జెల్ రాసి ప్రోబ్ ఆనిస్తారు. సౌకర్యం విషయంలో ఫిర్యాదేమీ లేదు. అసలు విశేషం తెర మీద కనిపించినదే.

కామన్ కెరోటిడ్ ధమని రెండుగా చీలే చోట కాస్త ఉబ్బుగా ఉంటుంది; దానిని బల్బ్ అంటారు. రేడియాలజిస్టు అక్కడ ప్రోబ్‌ను నిలిపి, ఎర్రగా సాగే ధార పక్కన, వెలుపలి గోడను ఆనుకొని వచ్చిపోతున్న చిన్న నీలి మచ్చను చూపించారు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ అక్కడ రక్తం క్షణకాలం వెనక్కి తిరుగుతుందని, ఆరోగ్యవంతులలోనూ ఇది సహజమేనని ఓపికగా వివరించారు. (ఎరుపు, నీలం ప్రవాహ దిశను తెలిపే రంగులు మాత్రమే, చాలామంది అనుకున్నట్లు మంచి రక్తం, చెడు రక్తం కావు.)

ధమని గోడలో కొవ్వు పేరుకొని ఏర్పడే పూడికలు తరచుగా మొదలయ్యేది సరిగ్గా ఆ గోడ మీదే. రక్తం ఒకే దిశలో నిలకడగా ఒరుసుకుంటూ పోయే చోట ధమని లోపలి పొరలోని ఎండోథీలియల్ కణాలు నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేస్తూ గోడను కాపాడతాయి. ఒరిపిడి తగ్గి, దిశ మాటిమాటికీ మారే చోట అవే కణాలు తెల్ల రక్తకణాలను పట్టి ఆపే అణువులను తయారుచేస్తాయి, ఎల్‌డీఎల్ (చెడు) కొలెస్ట్రాల్ గోడలోకి చేరి నిలిచిపోతుంది, ఇన్‌ఫ్లమేషన్ (వాపు) రాజుకుంటుంది. ఒంట్లోని రక్తమంతటా కొలెస్ట్రాల్ ఒకే స్థాయిలో ఉన్నా, పూడిక చీలికల దగ్గర, వంపుల లోపలి అంచున ముందుగా చేరడానికి ఇదే ప్రధాన కారణం.

ఇంత చక్కగా చూపించినా, చేతికిచ్చిన రిపోర్టులో మాత్రం వేగం సెకనుకు 125 సెంటీమీటర్ల లోపే ఉన్నదని, చెప్పుకోదగ్గ ఇరుకు లేదని మాత్రమే రాశారు. ధమని ఇరుకైనప్పుడు రక్తం వేగం పుంజుకుంటుంది కనుక, 230 దాటితే 70 శాతం లేదా అంతకు మించిన ఇరుకును అనుమానిస్తారు. ఆ లెక్క సరైనదే. కానీ జబ్బు మొదలయ్యేది రక్తం మందగించే చోట కాబట్టి, నార్మల్ వేగాన్ని చూసి గోడ శుభ్రంగా ఉన్నదని అనుకోకూడదు. గోడలోని ఇన్‌ఫ్లమేషన్‌ను ఈ స్కాన్‌తో కొలవడం సాధ్యం కాదు. అయితే గోడ మందాన్ని, చిన్న ఫలకాలను (పూడికలను) ఇది చూపగలదు. అడిగిన తరువాత ఆ వివరాలు చేర్చి ఇచ్చారు, అడగకుండానే ఇవ్వవలసింది.

లక్షణాలేవీ లేని పెద్దలందరికీ దీనిని స్క్రీనింగ్‌గా చేయవద్దని వ్యాధి నివారణ పరీక్షలపై సలహాలిచ్చే నిపుణుల బృందమైన అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2021లో మరోసారి చెప్పింది. హఠాత్తుగా మాట తడబడినా, ఒక వైపు చెయ్యి, కాలు పట్టు తప్పినా, ఒక కంటిచూపు కాసేపు మసకబారినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అలాంటి వారికి ఇది ఎంతో విలువైన పరీక్ష. చేయించుకునేవారు బల్బ్ దగ్గరి గోడ ఎలా ఉన్నదో రిపోర్టులో రాయమని ముందే అడగండి.