పాండవుల గుట్ట నుంచి రామగిరి ఖిల్లా దాకా: ఎక్కేదెక్కడ, బస ఎక్కడ

వరంగల్ చుట్టుపక్కల గుట్టల్ని ఎత్తు చూసి తేలిగ్గా తీసుకున్నవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు. పొద్దున పది దాటిందంటే పరుపుబండ కాగుతుంది. పైన ఎండ, కింద సెగ, మధ్యలో సీసాలో గోరువెచ్చటి నీళ్లు. అందుకే ఈ యాత్రలో మొదట తేల్చుకోవాల్సింది బస సంగతి. తెల్లారేసరికి గుట్ట మొదట్లో నిలబడగలిగే చోటే ముందురాత్రి పడుకోవాలి. గది ఎంత బాగుందన్నది ఆ తర్వాతి మాట.

ముందుగా చెప్పుకోవాల్సింది పాండవుల గుట్ట. భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలో, తిరుమలగిరి దగ్గర ఉంది. హన్మకొండ నుంచి పరకాల మీదుగా భూపాలపల్లి వెళ్లే రోడ్డులో రేగొండ వస్తుంది. వరంగల్ నుంచి సుమారు 50 కిలోమీటర్లు. పరకాల, భూపాలపల్లి బస్సులు హన్మకొండ బస్టాండ్‌లో తరచుగానే దొరుకుతాయి. చిక్కంతా రేగొండలో దిగాకే. గుట్ట దాకా ఆటో దొరుకుతుంది గానీ తిరుగు ప్రయాణానికి అక్కడ ఆటో నిలబడి ఉండదు. రానూపోనూ ఒకేసారి బేరం చేసుకోండి. డ్రైవర్ నంబర్ రాసుకోండి, గుట్ట మీద సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి తిరిగి వచ్చే గంట కూడా ముందే చెప్పేయండి. సగం డబ్బులు దిగాక ఇస్తామంటే ఎవరూ కాదనరు. నలుగురుంటే హన్మకొండ నుంచే కారు మాట్లాడుకోవడం మేలు, మధ్యాహ్నం రామప్ప వైపు తిరగడానికి కూడా పనికొస్తుంది.

గుట్ట మీద ఆదిమానవుల ఆవాసాన్ని పురావస్తు శాఖ 1990లో గుర్తించింది. ఎదురుపాండవులు, గొంతెమ్మ గుట్ట, పంచపాండవులు అని ఊరివాళ్లు పిలిచే చోట్ల రాతి చరియల కింద బొమ్మలున్నాయి. అడవిదున్న, జింక, పులి, విల్లంబులు, స్వస్తిక, చదరాలు, వలయాలు కనిపిస్తాయి. రంగుల్లో ఎరుపు, పసుపు, తెలుపుతో పాటు ఆకుపచ్చ కూడా ఉండటం విశేషం. వీటిని చూడాలంటే ఊరి నుంచి ఒక మనిషిని వెంట తీసుకెళ్లాల్సిందే. బాట చీలే ప్రతి చోటా రెండు దారులూ ఒకేలా ఉంటాయి. మేకల బాటను మనుషుల బాట అనుకుని పోతే అది ఏదో ఒక బండ అంచున ఆగిపోతుంది. ఇది అటవీ భూమి, అనుమతి, రుసుము సంగతి అటవీ సిబ్బందిని కింద అడిగాకే పైకి కదలండి.

చరియ కిందికి వెళ్లగానే బొమ్మలు కనబడవు. బయటి వెలుగు నుంచి వచ్చిన కళ్లకు రెండు మూడు నిమిషాలు రాతి మరకలు తప్ప ఏమీ తోచవు. కాసేపు కూర్చోవాలి. ముందు జేగురు రంగు గీత ఒకటి తేలుతుంది, దాని వెంట కొమ్ము, ఆ తర్వాత వీపు వంపు. ఫోన్‌తో ఫొటో తీసి అక్కడే కాంట్రాస్ట్ పెంచి చూస్తే కంటికి ఆనని గీతలు కూడా బయటపడతాయి. ఎండ నేరుగా రాతి మీద పడుతుంటే మాత్రం ఫొటో తేలిపోతుంది. కొందరు రంగు బాగా కనబడుతుందని సీసాలో నీళ్లు చల్లుతారు. ఆ మెరుపు ఆరేదాకే ఉంటుంది. నీటిలోని లవణాలు తెల్లటి పొరలా పేరుకుని బొమ్మను శాశ్వతంగా మసకబారుస్తాయి. చేత్తో తాకినా చెమట, జిడ్డు అంటుతాయి. పేర్లు చెక్కిన మహానుభావుల గురించి ఇక్కడ రాయడం దండగ.

ఎక్కడం కంటే దిగడమే కష్టం. ఇది ఇసుకరాయి. పైపొర అరిగి రాలిన రేణువులు ఏటవాలు బండ మీద పలచగా పరుచుకుని ఉంటాయి, అడుగు వేస్తే గోళీల మీద నిలబడ్డట్టు జారుతుంది. మడమ గుచ్చి దిగితే జారుడు ఇంకా పెరుగుతుంది. పాదం మొత్తం ఆనించి, మోకాలు కొద్దిగా వంచి, చిన్న అడుగులతో, వాలుకు అడ్డంగా దిగాలి. ఆకులు కప్పిన చోట అడుగు పెట్టేముందు కర్రతో తట్టండి. కింద సందు ఉండొచ్చు, రక్తపింజర కూడా ఉండొచ్చు. చెప్పులు వద్దు. అరిగిన అడుగు ఉన్న స్పోర్ట్స్ బూట్లూ అంతే ప్రమాదం. వేలిముద్ర పడేంత మెత్తటి రబ్బరు, లోతైన గాళ్లు ఉన్నవైతే నయం. పొడుగు ప్యాంటు తప్పనిసరి, కార్తీకం నాటికి ఎండిన గడ్డి ముళ్లు సాక్సుల్లో గుచ్చుకుంటే ప్రతి పది నిమిషాలకూ ఆగి పీక్కోవాల్సి వస్తుంది.

రాక్ క్లైంబింగ్ కోసం వచ్చేవాళ్లు కూడా ఇక్కడ ఎక్కువే. నిర్వాహకులు ఎవరైనా సరే, తాడు ఎక్కేముందు మూడు సంగతులు స్వయంగా చూసుకోండి. పైన తాడు కనీసం రెండు వేర్వేరు ఆధారాలకు కట్టి ఉండాలి, ఒకటి ఊడినా రెండోది పట్టాలి. తాడు బండ అంచు మీదుగా వచ్చే చోట కింద గోనెసంచో రబ్బరు ముక్కో వేసి ఉండాలి, ఇసుకరాయి అంచు తాడును ఉప్పుకాగితంలా కోసేస్తుంది. నడుముకు కట్టిన పట్టీ బకిల్‌లోంచి కొస వెనక్కి తిప్పి మళ్లీ దూర్చి ఉండాలి. ఈ మూడింటిలో ఏది అడిగినా విసుక్కునే వాళ్ల దగ్గర ఎక్కకపోవడమే మంచిది. వాన పడ్డ మర్నాడు ఎక్కడం అసలొద్దు. ఇసుకరాయి తడిస్తే బలం తగ్గుతుంది, పట్టుకున్న అంచు పెళుక్కున విరిగి చేతిలోకి వస్తుంది.

నీళ్లు మనిషికి 3 లీటర్లు, చలికాలంలో కూడా. గుట్ట మీది గుంటల్లో, చెలిమెల్లో నీళ్లు నమ్ముకోవద్దు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు, పల్లీ పట్టీలు, రెండు సర్వపిండి ముక్కలు చాలు. బిర్యానీ పొట్లాలు మోసుకెళ్తే కోతులకే. పెద్ద తేనెపట్టులు చరియల అంచున వేలాడుతుంటాయి. వాటి కింద సిగరెట్, అగరుబత్తి, ఘాటైన సెంటు, కేకలు పనికిరావు. ఈగలు లేచాయంటే చేతులు ఊపకుండా తల, మొహం గుడ్డతో కప్పుకుని వచ్చిన బాటనే దూరంగా పరుగెత్తాలి.

నవంబర్ నుంచి ఫిబ్రవరి మొదటి సగం దాకా మంచి కాలం. వానాకాలంలో పచ్చదనం కన్నులపండుగే గానీ బండ మీద పాకుడు పడుతుంది. మధ్యాహ్నం మబ్బు కమ్మితే పిడుగులు, గుట్ట నెత్తి మీద ఒంటరి చెట్టు కిందికి మాత్రం చేరకండి. మార్చి తర్వాత ఆకు రాలి నీడ ఉండదు, అడవికి నిప్పంటుకునే రోజులు కూడా అవే.

ఇక బస. పాండవుల గుట్ట ఒక్కటే లక్ష్యమైతే హన్మకొండలో దిగండి. నక్కలగుట్టలో టూరిజం వాళ్ల హరిత కాకతీయ హోటల్ ఉంది, బస్టాండ్ చుట్టూ లాడ్జీలు అన్ని ధరల్లోనూ ఉన్నాయి. బస్టాండ్ దగ్గరి గదిలో హారన్ల మోత, నక్కలగుట్ట వైపు తెల్లారి ఆటో కోసం వెతుకులాట, ఎవరికి ఏది తట్టుకోగలిగితే అది. ఐదింటికి బయల్దేరితే ఆరున్నరకల్లా గుట్ట మొదట్లో ఉంటారు. ఆ వేళకు టిఫిన్ బండ్లు తెరుచుకోవు, ఇడ్లీలు ముందురోజు మాట్లాడుకోవాలి, లేదా అరటిపళ్లతో సరిపెట్టుకోవాలి.

లక్నవరంలో ఉండి పాండవుల గుట్టకు వద్దామనే ఆలోచన చాలామందికి వస్తుంది. మా లెక్కలో అది తప్పు. చెరువు మధ్య దీవిలో కాటేజీ, వేలాడే వంతెన, ఉదయపు మంచు, అక్కడి నుంచి ఐదింటికి ఎవరు లేస్తారు! 13వ శతాబ్దంలో కాకతీయులు కొండల మధ్య కట్ట వేసి నిలిపిన చెరువు అది, దానికి విడిగా ఒక రాత్రి కేటాయించాలి. వరుస ఇలా పెట్టుకుంటే అతుకుతుంది: పొద్దున పాండవుల గుట్ట, పదిన్నరకు దిగడం, గణపురం కోటగుళ్లు, మధ్యాహ్నం పాలంపేటలో భోజనం చేసి రామప్ప, సాయంత్రానికి లక్నవరం. రామప్ప గుడిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. గుడి చూసి వెనక్కి తిరిగేవాళ్లే ఎక్కువ, చెరువు కట్ట మీదికి ఎక్కండి. నీటికి అవతల గుట్టల వరుస మొత్తం ఒక్క చూపులో దొరికేది అక్కడే, ఎక్కే శ్రమ కూడా లేదు. శని, ఆదివారాల్లో లక్నవరం గదులు ముందే నిండిపోతాయి. రెండేళ్లకోసారి మాఘంలో మేడారం జాతర జరిగే వారం మాత్రం ములుగు రోడ్డు వైపు ఈ పని మీద రాకండి.

రామగిరి ఖిల్లా వేరే రకం. పెద్దపల్లి జిల్లా బేగంపేట దగ్గర, కరీంనగర్ నుంచి మంథని వైపు. అక్కడ బొమ్మల వేట ఉండదు, కోట గోడలు, దర్వాజాలు, పైన నీటి గుండాలు, గుట్ట నిండా మందు మొక్కలు. శ్రావణంలో జనం గుంపులుగా ఎక్కుతారు, తోడు దొరుకుతుంది కాబట్టి కొత్తవాళ్లకు ఆ నెల ధైర్యం. ప్రశాంతత కావాలనుకుంటే డిసెంబర్. బస కరీంనగర్‌లోనో గోదావరిఖనిలోనో చూసుకోవాలి. తెలియని ఆకు నోట్లో పెట్టుకోవద్దని వేరే చెప్పాలా? ఏటా ఎవరో ఒకరు పెడతారు.

ఒక్క పూటే ఉన్నవాళ్లకు ఊళ్లోనే ఖిలా వరంగల్‌లో ఏకశిల గుట్ట చాలు, ఒకే బండ, మెట్లున్నాయి, పై నుంచి కోట వలయం అర్థమవుతుంది. మడికొండ మెట్టుగుట్ట ఇంకో మంచి చోటు, నిలువుగా నిలబడ్డ జంట రాళ్లు పొద్దుగుంకే వేళ చూడాలి.

ములుగు జిల్లా వెంకటాపురం అడవుల్లోని ముత్యాలధార జలపాతం వీడియోలు చూసి అటు బయల్దేరేవాళ్లకు ఒక మాట. 2023 జులైలో వాగు పొంగి పదుల మంది పర్యాటకులు అక్కడ చిక్కుకుపోతే రాత్రంతా సహాయక బృందాలు గాలించాల్సి వచ్చింది. పొద్దున మోకాలిలోతున్న వాగు ఎగువన వాన పడితే గంటలో నడుము దాటుతుంది, మీ నెత్తిన చినుకు పడకపోయినా. అటవీ సిబ్బంది వద్దంటే వెనక్కి రండి. దొంగ బాట చూపిస్తామని రోడ్డు మీద పలకరించే కుర్రాళ్లు వాగు పొంగాక మీతో ఉండరు.