హీత్రూలో దిగి గాట్విక్‌లో ఎక్కాలి: రాత్రి ఎక్కడుండాలి, ఎందులో వెళ్లాలి?

హైదరాబాద్ నుంచి వచ్చి లండన్ హీత్రూలో దిగడం, మర్నాడు గాట్విక్‌లో ఒర్లాండో విమానం ఎక్కడం. ఇలాంటి టికెట్లు ఒక్కోసారి బాగా చవగ్గా దొరుకుతాయి. రెండు విమానాశ్రయాల మధ్య రోడ్డు సుమారు 70 కిలోమీటర్లు. సామాను హీత్రూ బెల్టు మీదే దించుకుని, గాట్విక్‌లో మళ్లీ చెక్‌ఇన్ చేయాలి. రెండూ వేర్వేరు టికెట్లయితే, మొదటి విమానం ఆలస్యమై రెండోది పోయినా ఎయిర్‌లైన్ వాళ్లకు బాధ్యత ఉండదు. ఒంటరిగా వెళ్లేవాళ్లకు ఇది పెద్ద పని కాదు. ఇద్దరు పిల్లలు, ఎనిమిది పెట్టెలు, వెంట అమ్మమ్మా తాతయ్యా ఉంటే మాత్రం లెక్క మారిపోతుంది.

హోటల్ వెతికే ముందు వీసా సంగతి తేల్చుకోవాలి. విమానాశ్రయం మారాలంటే బ్రిటన్ సరిహద్దు దాటి బయటికి రావాల్సిందే కాబట్టి, ఎయిర్‌సైడ్ ట్రాన్సిట్ వీసా (సరిహద్దు దాటకుండా విమానాశ్రయం లోపలే విమానం మారేవాళ్లకు ఇచ్చేది) ఇక్కడ చెల్లదు. భారత పాస్‌పోర్టు మీద చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉండి, అమెరికా వెళ్తూ ఉంటే వీసా లేని ట్రాన్సిట్ కింద అనుమతి అడగవచ్చు. దానికి విమానంలోనే వచ్చి విమానంలోనే వెళ్లాలి, ముందుకు వెళ్లే టికెట్ ఖాయమై ఉండాలి, దిగిన మర్నాటి అర్ధరాత్రిలోపు దేశం దాటాలి. చివరి మాట ఇమిగ్రేషన్ అధికారిదే. ఈ వెసులుబాటు ఇంట్లో ఒక్కరికి వర్తించకపోయినా, ఆ ఒక్కరికి విజిటర్ ఇన్ ట్రాన్సిట్ వీసా (సరిహద్దు దాటి బయటికి వచ్చి వెళ్లేవాళ్లకు ఇచ్చేది) ముందే తీసుకోవాలి. చాలామంది మరిచిపోయేది పిల్లల సంగతి. అమెరికా పాస్‌పోర్టు ఉన్న పిల్లలకు వీసా అక్కర్లేదు గానీ, ఈటీఏ అనే ముందస్తు అనుమతి కావాలి. చంకలో పాపకైనా విడిగా తీసుకోవాల్సిందే.

ఇక పడక ఎక్కడ? మధ్యాహ్నమో సాయంత్రమో దిగితే ఆ రోజే గాట్విక్ చేరి అక్కడ పడుకోవడమే మేలు. దారి చాలావరకు లండన్ చుట్టూ తిరిగే ఎం25 రింగురోడ్డు మీదే. పొద్దున ఆఫీసుల వేళ అది తరచూ నత్తనడక నడుస్తుంది, ఒక్క ప్రమాదం జరిగితే గంటలు పోతాయి. ఆ ఆలస్యం ముందురోజు సాయంత్రం ఎదురైతే పోయేది కాస్త నిద్రే, మర్నాడు పొద్దున ఎదురైతే పోయేది విమానం. పైగా గాట్విక్‌లో టెర్మినల్‌కు ఆనుకునే హోటళ్లున్నాయి: నార్త్ టెర్మినల్‌లో సోఫిటెల్, సౌత్ టెర్మినల్‌లో హిల్టన్. లేచి సామాను తోసుకుంటూ నడిచి వెళ్లవచ్చు. టెర్మినల్ లోపలే ఉన్న బ్లాక్, యోటెల్ అనే హోటళ్ల లాంటి వాటిలో గదులు ఇరుకు, నలుగురికి చాలవు. హోటల్ ఒక టెర్మినల్‌లో, విమానం మరో దాంట్లో అయినా కంగారేమీ లేదు, మధ్యలో ఉచిత షటిల్ రైలు రెండు నిమిషాల ప్రయాణం.

హీత్రూ దగ్గర పడుకోవడం రెండు సందర్భాల్లోనే సబబు. ఒకటి, రాత్రి పది దాటి దిగడం. భారత పాస్‌పోర్టుతో ఆటోమేటిక్ గేట్లు వాడలేం కాబట్టి అధికారి ముందు క్యూ కట్టాలి, ఆ తర్వాత బెల్టు. బయటపడేసరికి గంటన్నర, రెండు గంటలు అనుకోవాలి. రెండు, మర్నాటి విమానం మధ్యాహ్నం రెండు దాటాక ఉండడం. లండన్ నగరం నడిమధ్య బస మాత్రం వద్దు. ఊరు చూసినట్టూ ఉంటుందని ఆశ పుడుతుంది గానీ, సామానుతో రెండు ప్రయాణాలు, రెండుసార్లు ఎక్కించి దించడం.

వాహనాల్లో మూడు దారులు. నేషనల్ ఎక్స్‌ప్రెస్ వాళ్ల కోచ్ (దూర ప్రయాణాల బస్సు) నేరుగా వెళ్తుంది, రోడ్డు ఖాళీగా ఉంటే గంటా పావు అటూ ఇటూ. టెర్మినల్ 5కు సొంత స్టాప్ ఉంది, 2, 3 టెర్మినళ్ల వాళ్లు మధ్యలోని సెంట్రల్ బస్ స్టేషన్‌కు వెళ్లాలి. పెట్టెలు డ్రైవరే కింద డిక్కీలో పెడతాడు. చిక్కల్లా బరువు దగ్గర: కోచ్ నియమం మనిషికి రెండు పెట్టెలు, ఒక్కోటి 20 కిలోలు. మనం విమానానికి సర్దేది 23. కచ్చితంగా తూచకపోవచ్చు, అయినా వాళ్లు కాదంటే వాదించడానికి ఏమీ ఉండదు. సీట్లు, విమానం దిగే సమయానికి మూడు గంటల తర్వాతి బస్సులో, సమయం మార్చుకోగల టికెట్‌తో తీసుకోండి.

రైలైతే ఎలిజబెత్ లైన్ రైల్లో ఫారింగ్‌డన్ స్టేషన్ దాకా వెళ్లి, అక్కడ థేమ్స్‌లింక్ రైలుకు మారితే నేరుగా గాట్విక్ సౌత్ టెర్మినల్. లిఫ్టులున్నాయి, ఒక్కటే మార్పు. ట్రాఫిక్ బెడద లేనిది ఇదొక్కటే. మనిషికో చిన్న పెట్టె ఉంటే నా ఓటు దీనికే. నాలుగు పెద్ద పెట్టెలు దాటితే ఆ ఊసే వద్దు, అందులోనూ సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ. వారాంతాల్లో పట్టాల మరమ్మతులకు రైళ్లు ఆపేస్తుంటారు కనుక ముందురోజు చూసుకోవాలి.

అయిదుగురు దాటితే, లేదా పెద్దవాళ్లుంటే, ముందే బుక్ చేసిన వ్యానే నయం. తలసరి లెక్కేస్తే కోచ్‌కూ దానికీ తేడా బాగా తగ్గుతుంది. అయితే ‘7 సీటర్’ అన్న మాట నమ్మి బుక్ చేయకండి. ఏడు సీట్లలో మనుషులు కూర్చుంటే వెనక రెండు మూడు పెట్టెలకు మించి పట్టవు. నలుగురికి, ఎనిమిది పెట్టెలకు 8 సీటరే అడగండి, పెట్టెల సంఖ్య రాతలో చెప్పండి. విమానం నంబర్ ఇస్తే ఆలస్యాన్ని బట్టి డ్రైవర్ వస్తాడు. వెయిటింగ్ ఉచితం ఎంతసేపో మాత్రం ముందే అడగాలి. టాక్సీల్లో పిల్లల సీటు లేకపోయినా చట్టం ఊరుకుంటుంది, అందుకే అడగనిదే చాలామంది తేరు. అరైవల్స్ హాల్లో ‘టాక్సీ కావాలా’ అంటూ వచ్చేవాళ్ల వెంట వెళ్లొద్దు. ముందే బుక్ చేయని మినీక్యాబ్‌కు (ప్రైవేటు టాక్సీకి) ప్రయాణికులను ఎక్కించుకునే హక్కే లేదు.

పెద్దవాళ్లకు వీల్‌చెయిర్ కావాలంటే రెండు విమానాలకూ విడివిడిగా, 48 గంటల ముందే చెప్పాలి. హీత్రూ సిబ్బంది సాయం హీత్రూతోనే సరి. గాట్విక్‌లో వ్యాన్ దిగాక మళ్లీ అక్కడి హెల్ప్ పాయింట్‌లో చెప్పుకోవాలి.